బయటి దేశం నుంచి పాత కారు పార్టులు తెప్పించే ముందు ఈ లెక్క వేసుకోండి

సెకండ్ హ్యాండ్ పార్టు బయటి దేశం నుంచి తెప్పించుకుందామనుకునే వాళ్లందరికీ నేను ముందుగా చెప్పేది ఒకటే. అమ్మేవాళ్లు చెప్పిన ధర చూసి డబ్బు కట్టేయకండి. ప్యాక్ చేశాక పెట్టె కొలతలు ఎంతొస్తాయి, కస్టమ్స్ లెక్కలో ఆ వస్తువు ఏ కోడ్ కిందికి వస్తుంది, ఈ రెండూ చేతికొచ్చాకే కట్టండి. మిగతా ఖర్చుల్లో చాలా వరకు ఈ రెండింటి నుంచే పుడతాయి.

ఇది నాకు నష్టపోయాకే తెలిసింది. మొదటిసారి నేను కొన్నది ఒక ముందు బంపర్. బరువు ఏడు కిలోలే కదా, షిప్పింగ్ ఎంతవుతుందిలే అనుకుని పార్టు డబ్బు ముందే పంపేశాను. ప్యాక్ చేశాక పెట్టె 180 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 50 ఎత్తు వచ్చింది. కొరియర్ వాళ్లు 108 కిలోలకు బిల్లు వేశారు. అది బంపర్ ధరకు ఎన్నో రెట్లు ఉండటంతో ఆర్డర్ రద్దు చేసుకున్నాను, ప్యాకింగ్ డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

వాళ్లేమీ మోసం చేయలేదు, లెక్కే అలా ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది వాల్యూమెట్రిక్ బరువు, అంటే పెట్టె ఆక్రమించే చోటును బరువుగా మార్చిన అంకె. పెద్ద ఎక్స్‌ప్రెస్ కొరియర్లు ఎక్కువగా వాడేది ఈ 5000నే. మామూలు ఎయిర్ కార్గోలో 6000తో భాగిస్తారు, అలా చూసినా నా బంపర్ 90 కిలోలు. అసలు బరువు, ఈ బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. కాబట్టి బంపర్లు, బానెట్లు, డోర్లు, సైలెన్సర్ పైపుల్లాంటి తేలికపాటి పెద్ద సామాన్లు విమానంలో తెప్పించడం చాలాసార్లు దండగ. ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటార్, ఇంజన్ కంప్యూటర్, బ్రేక్ క్యాలిపర్ లాంటి చిన్న బరువైన వాటికి కొరియర్ బాగానే ఉంటుంది. 30, 25, 25 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టిన ఆల్టర్నేటర్ వాల్యూమెట్రిక్ బరువు 3.75 కిలోలే, అసలు బరువు దానికంటే ఎక్కువుంటుంది కాబట్టి చోటు కోసం అదనంగా కట్టేదేమీ ఉండదు.

అందుకే అమ్మేవాళ్లకు పెట్టే మొదటి మెసేజ్‌లోనే ప్యాక్ చేశాక మూడు కొలతలూ బరువూ అడగండి. "సుమారుగా" అని జవాబొస్తే ఇలాంటి పార్టు ఇంతకుముందు పంపిన పెట్టె కొలతలైనా చెప్పమనండి. హెడ్‌లైట్ లాంటివైతే ఎంత మందం స్పాంజి వేస్తారో కూడా కనుక్కోండి, నాలుగు వైపులా ఐదేసి సెంటీమీటర్లు పెరిగితే బిల్లు ఎంత మారుతుందో పైన చెప్పిన లెక్కలో వేసి చూస్తే మీకే అర్థమవుతుంది. కొన్ని పార్టులను విప్పి పంపొచ్చు. సైలెన్సర్‌ను జాయింట్ దగ్గర విడదీయడం, సస్పెన్షన్ సెట్టును రెండు చిన్న పెట్టెల్లో సర్దడం అమ్మేవాళ్లకు పెద్ద పనేమీ కాదు, అడిగితే చాలామంది చేస్తారు.

ఇంజన్, గేర్‌బాక్స్, డోర్ల సెట్టు లాంటివి ఓడ మీద రావడమే మేలు. కంటైనర్ మొత్తం మీది కాకపోతే ఇతరుల సరుకుతో కలిపి పంపుతారు, దీన్ని ఎల్‌సీఎల్ అంటారు. ఇక్కడ లెక్క సీబీఎంలో, అంటే ఘనపు మీటర్లలో ఉంటుంది. ఒక ఘనపు మీటరును ఒక టన్నుతో సమానంగా తీసుకుని, ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తారు. నా బంపర్ పెట్టె 0.54 సీబీఎం, కానీ చాలామంది ఫార్వర్డర్లు, అంటే సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంట్లు, కనీసం ఒక సీబీఎంకు వసూలు చేస్తారు. అలాంటప్పుడు మిగిలిన చోటులో ఇంకో పార్టు పెట్టించుకున్నా సముద్రపు చార్జీ పెరగదు, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుంటే కలిసొస్తుంది.

ఓడ విషయంలో చాలామంది దెబ్బతినేది సముద్రపు చార్జీ దగ్గర కాదు, సరుకు దిగాక వచ్చే చార్జీల దగ్గర. టెర్మినల్ హ్యాండ్లింగ్, కంటైనర్ లోంచి సరుకు దించి విడదీసినందుకు ఒకటి, సరుకు ఇవ్వమని రాసిచ్చే డెలివరీ ఆర్డర్‌కు ఒకటి, డాక్యుమెంట్లకు ఒకటి, గోడౌన్ అద్దె, మీ క్లియరింగ్ ఏజెంట్ ఫీజు. కొందరు ఫార్వర్డర్లు సముద్రపు రేటు నమ్మలేనంత తక్కువ చెప్పి ఆ తేడా మొత్తం దిగే పోర్టులో రాబట్టుకుంటారు. సరుకు అప్పటికే వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి మీకు బేరమాడే వీలుండదు. బుక్ చేసే ముందే డెస్టినేషన్ చార్జీల లిస్టు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఫ్రీ డేస్, అంటే అద్దె పడని రోజులు, ఎన్నో కూడా అందులో రాయించుకోండి. ఆ రోజులు దాటితే గోడౌన్ అద్దె రోజురోజుకీ పెరుగుతుంది, మొత్తం కంటైనర్ మీదైతే డెమరేజ్ (కంటైనర్‌ను పోర్టులో ఎక్కువ రోజులు ఉంచినందుకు), డిటెన్షన్ (బయటికి తీసుకెళ్లి ఆలస్యంగా తిరిగిచ్చినందుకు) కూడా పడతాయి. ఒక్క కాగితం తక్కువైందని సరుకు రెండు వారాలు ఆగితే పార్టు మీద మిగిలిందంతా అక్కడే పోతుంది.

ఇక కోడ్ సంగతి. సరుకులను అంకెలతో వర్గీకరించడానికి ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హెచ్‌ఎస్ కోడ్ పద్ధతి 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివి. కారు పార్టు అనగానే అందరూ 8708 అనుకుంటారు, అది సగమే నిజం. బంపర్ 8708.10, బ్రేక్ భాగాలు 8708.30, గేర్‌బాక్స్ 8708.40, చక్రాలు 8708.70, సస్పెన్షన్ 8708.80, రేడియేటర్ 8708.91, సైలెన్సర్ 8708.92, క్లచ్ 8708.93 కింద ఉంటాయి. కానీ పెట్రోల్ ఇంజన్ 8407లో, డీజిల్ ఇంజన్ 8408లో, హెడ్‌లైట్ 8512లో, స్టార్టర్ మోటార్ 8511లో, సైడ్ మిర్రర్ 7009లో, సీటు 9401లో, వాడిన టైరు 4012లో ఉంటాయి. ఒక్కోదానికి సుంకం ఒక్కోలా ఉండొచ్చు, ఒక్కోదానికి అడిగే అనుమతులూ వేరు. మీ దేశపు కస్టమ్స్ టారిఫ్ ఆన్‌లైన్‌లో ఉంటుంది, అందులో ఆరు అంకెలు కొట్టి మిగతా అంకెలు, సుంకం శాతం, పక్కన రాసిన షరతులు చూడండి. ఆ షరతుల గడి చాలామంది చదవకుండా దాటేస్తారు, అసలు ఇబ్బందంతా అక్కడే ఉంటుంది. కోడ్ మీద అనుమానం ఉండి, సరుకు ఖరీదైనదైతే కస్టమ్స్ నుంచి ముందస్తు రూలింగ్, అంటే ఏ కోడో ముందే చెప్పే నిర్ణయం, తీసుకునే వీలు చాలా దేశాల్లో ఉంది.

ఇన్‌వాయిస్ మీద "కారు పార్టులు" అని మాత్రమే రాయనివ్వకండి. అలా రాస్తే కోడ్ నిర్ణయం పూర్తిగా అవతలివాళ్ల ఊహకు వదిలేసినట్టే. వాడిన ఆల్టర్నేటర్, ఏ కంపెనీ, ఏ మోడల్, పార్టు నంబర్, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఎక్కడ తయారైంది, ఇవన్నీ ఉండాలి. ఇంజన్ అయితే ఇంజన్ నంబర్, అది ఏ బండిలోంచి తీశారో చూపే కాగితం కూడా అడగండి, తర్వాత రిజిస్ట్రేషన్ దగ్గర ఆ కాగితం అవసరం పడొచ్చు.

సుంకం ఎంత శాతమో తెలిశాక, ఆ శాతాన్ని దేని మీద వేస్తారన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, జపాన్, భారత్‌లలో సీఐఎఫ్ విలువ మీద, అంటే పార్టు ధరకు రవాణా, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఎఫ్‌ఓబీ పద్ధతి, అంటే అంతర్జాతీయ రవాణా ఖర్చు కలపకుండా వేస్తారు. పార్టు కంటే షిప్పింగే ఎక్కువయ్యే సెకండ్ హ్యాండ్ సరుకులో ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఒక లెక్క వేద్దాం. పార్టు 400 డాలర్లు, రవాణా 250, బీమా 10 అనుకోండి. సీఐఎఫ్ విలువ 660. సుంకం 10 శాతమైతే 66. వ్యాట్ లేదా జీఎస్టీ 20 శాతం అనుకుంటే, దాన్ని 660 మీద కాదు, సుంకం కలిపిన 726 మీద వేస్తారు, అంటే 145.20. కొరియర్ క్లియరెన్స్ ఫీజు 40 అనుకుంటే అన్నీ కలిపి 911.20. అంటే 400 డాలర్ల పార్టు గుమ్మంలోకి వచ్చేసరికి రెండింతలు దాటింది. అదే సుంకమూ పన్నూ రవాణా కలపని విలువ మీద వేసే చోటైతే సుంకం 40, పన్ను 440 మీద 88, మొత్తం 828. ఎఫ్‌ఓబీ పాటించే దేశాలన్నీ పన్ను దగ్గర కూడా అలాగే ఉంటాయని అనుకోకండి, ఆస్ట్రేలియా సుంకం వరకు రవాణాను వదిలేసినా జీఎస్టీ దగ్గరికొచ్చేసరికి కలిపేస్తుంది. డాలర్‌ను మీ కరెన్సీలోకి మార్చేటప్పుడు కూడా ఆ రోజు బ్యాంకు రేటు కాకుండా కస్టమ్స్ ప్రకటించిన రేటే వర్తిస్తుంది. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, వచ్చిన మొత్తానికి ఇంకో పది శాతం కలిపి, అప్పుడు మీ దగ్గర దొరికే పార్టు ధరతో పోల్చి చూడండి. అప్పటికీ తేడా బాగా కనిపిస్తేనే ముందుకెళ్లండి.

చిన్న పార్సిల్‌కు డ్యూటీ పడదులే అన్న నమ్మకం ఇప్పుడు పనికిరాదు. యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జులై 1న పోయింది. అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకూ ఆపేసింది. రెండేళ్ల కిందట ఎవరో రాసిన అనుభవం చదివి లెక్క వేసుకోవద్దు, కొనే వారంలో ఉన్న నిబంధనే చూసుకోండి.

"తక్కువ విలువ రాసి పంపుతాను, గిఫ్ట్ అని పెడతాను" అని అమ్మేవాళ్లు చెబితే వద్దనండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. మొదటిది అది తప్పు, దొరికితే జరిమానా పడుతుంది, సరుకు కూడా పోవచ్చు. రెండోది, దారిలో పార్టు పగిలితే బీమా వాళ్లు కాగితం మీద రాసిన విలువ వరకే ఇస్తారు, 400 పెట్టి కొన్నదానికి 50 అని రాయిస్తే చేతికొచ్చేది ఆ 50 లోపే. నిజాయితీగా రాసినా పాత సరుకు ధర మీద అధికారికి అనుమానం రావడం మామూలే, ఎందుకంటే కొత్తదాని ధర వాళ్లకు తెలుసు, పాతదాని స్థితి తెలియదు. డబ్బు పంపిన రసీదు, అమ్మకపు ప్రకటన స్క్రీన్‌షాట్, గీతలూ తుప్పూ కనిపించే ఫోటోలు ఒకే ఫైల్‌లో పెట్టుకుని అడగ్గానే పంపండి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం కూడా మొదట చూడాల్సింది మీరు నిజంగా చెల్లించిన ధరనే. దాన్ని అనుమానించడానికి కారణం ఉంటేనే అధికారులు వేరే పద్ధతులకు వెళ్తారు.

తయారీ దేశం, పంపే దేశం ఒకటి కానక్కర్లేదు. జర్మనీలో తయారైన గేర్‌బాక్స్‌ను జపాన్ యార్డు నుంచి కొంటే మూలం జర్మనీయే. రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం ఉంది కాబట్టి సుంకం తగ్గుతుందని ఆశపడే ముందు పార్టు మీద అచ్చేసిన దేశం పేరు చూడండి. రాయితీకి మూలాన్ని రుజువు చేసే పత్రం కావాలి, పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర అది సాధారణంగా ఉండదు. రాయితీ వస్తే సంతోషం, లెక్క మాత్రం పూర్తి సుంకంతోనే వేసుకోండి. అదనపు సుంకాలు కూడా మూలాన్ని బట్టి మారొచ్చు. అమెరికా 2025 మే 3 నుంచి చాలా కారు భాగాల మీద 25 శాతం అదనపు సుంకం మొదలుపెట్టింది, తర్వాత ఒప్పందాలు చేసుకున్న కొన్ని దేశాలకు తగ్గించింది.

సుంకం కట్టడానికి సిద్ధంగా ఉన్నా అసలు రానివ్వని సరుకులు కొన్ని ఉంటాయి. భారత్‌లో యంత్రసామగ్రి లాంటి క్యాపిటల్ గూడ్స్ కాని వాడిన వస్తువులకు ముందే దిగుమతి అనుమతి తీసుకోవాలి. బ్రెజిల్ వాడిన టైర్లను రానివ్వదు. ఆస్ట్రేలియాలో 2003 డిసెంబర్ 31 నుంచి ఆస్బెస్టాస్ మీద పూర్తి నిషేధం ఉంది, కాబట్టి పాత గాస్కెట్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు అక్కడికి పంపడం ప్రమాదమే. మట్టి, గింజలు, ఎండుటాకులు అంటుకున్న పార్టులను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆపేస్తాయి, అక్కడ కడిగించే ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. పంపే ముందే ప్రెషర్ వాష్ చేయించి ఫోటో తీయమనండి.

విమానం ఎక్కించేటప్పుడు ఎయిర్‌బ్యాగ్‌లు, సీట్‌బెల్ట్ ప్రీటెన్షనర్లు ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి, వాటిలో పేలే మందు ఉంటుంది. ప్రమాదకర సరుకులకు ఇచ్చే నంబర్లలో యూఎన్ 3268 కింద ప్రకటించి, శిక్షణ ఉన్నవాళ్లే ప్యాక్ చేయాలి. స్టీరింగ్ కొంటే ఎయిర్‌బ్యాగ్ తీసేసి పంపమనడం అన్ని విధాలా మంచిది. అయినా పాత ఎయిర్‌బ్యాగ్ బిగించుకోవడం నాకు నచ్చదు, ప్రాణం మీదికొచ్చే చోట పొదుపు చూడకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల లిథియం బ్యాటరీలు విడిగా ప్రయాణికుల విమానంలో వెళ్లవు, దెబ్బతిన్నవైతే ఏ విమానంలోనూ తీసుకోరు. ఇంజన్, గేర్‌బాక్స్, ఫ్యూయల్ పంపు లాంటివి నూనె, పెట్రోల్ పూర్తిగా తీసేసి, రంధ్రాలకు మూతలు బిగించి పంపాలి. పెట్రోల్ వాసన వచ్చినా పెట్టెను వెనక్కి పంపేస్తారు.

చెక్క పెట్టె అయితే దాని మీద ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర, అంటే చెక్కలో పురుగులు లేకుండా చేశారని చూపే అంతర్జాతీయ ముద్ర, ఉందో లేదో ఫోటోలో చూడండి. గోధుమ కంకి లాంటి గుర్తు, దేశం కోడ్, హెచ్‌టీ అనే అక్షరాలు కనిపిస్తాయి. చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని దాని అర్థం. ముద్ర లేని చెక్కతో వస్తే పార్టుకు ఏ దోషం లేకపోయినా సరుకు ఆగిపోతుంది. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు, అందుకే నేను ప్లైవుడ్ పెట్టెలోనే పంపమంటాను.

ఎవరి ఖర్చు ఎక్కడిదాకా అన్నది ఇన్‌కోటర్మ్స్ పదాలు చెబుతాయి. ఈఎక్స్‌డబ్ల్యూ అంటే అమ్మేవాళ్ల గేటు దగ్గర నుంచి అంతా మీ బాధ్యతే, ఎగుమతి కాగితాలతో సహా, మొదటిసారి తెప్పించేవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. డీఏపీ అంటే మీ చిరునామా దాకా రవాణా వాళ్లది, సుంకం, పన్ను మీవి. చిన్న పార్సిళ్లకు నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే కస్టమ్స్ బిల్లు నేరుగా నాకే వస్తుంది. డీడీపీలో సుంకం కూడా వాళ్లే కడతారు. వినడానికి హాయిగా ఉంటుంది కానీ ఏ విలువ ప్రకటించారు, సుంకం నిజంగా కట్టారా అన్నది మీకు తెలియదు. కస్టమ్స్ రసీదు ఇస్తామని ముందే ఒప్పుకుంటేనే తీసుకోండి.

చివరిగా బీమా. రవాణా సంస్థ పోగొడితే మొత్తం వాళ్లే ఇస్తారని చాలామంది అనుకుంటారు. విమానంలో వచ్చే సరుకుకు మాంట్రియల్ ఒప్పందం కింద బాధ్యత కిలోకు ఇంత అనే ఉంటుంది, 2024 డిసెంబర్ 28 నుంచి అది 26 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కించే యూనిట్. నాలుగు కిలోల హెడ్‌లైట్‌కు అత్యధికంగా 104 ఎస్‌డీఆర్‌లు, దాని ధర ఎంతైనా సరే. తేలికగా ఉండి ఖరీదైన వాటికి, అంటే లైట్లు, డిస్‌ప్లేలు, కంప్యూటర్లకు విడిగా బీమా తీసుకోండి, వాడిన వస్తువుల గీతలు, పగుళ్లకు పాలసీ వర్తిస్తుందో లేదో ముందే చదవండి.

పెట్టె రాగానే సంతకం పెట్టే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. నొక్కుకుపోయి ఉంటే డెలివరీ కాగితం మీదే ఆ మాట రాయండి. తెరుస్తున్నప్పుడు వీడియో తీయండి. విమానంలో వచ్చిన సరుకు దెబ్బతింటే చేతికందిన 14 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఓడ సరుకులో పైకి కనిపించని నష్టానికి చాలా చోట్ల మూడు రోజులే గడువు. అందుకే వర్క్‌షాపులో మీ బండికి ఖాళీ దొరికేదాకా పెట్టెను మూలన పెట్టకుండా, వచ్చిన రోజే విప్పి పార్టు నంబర్ సరిపోయిందో లేదో చూసుకోండి.